26 ఏళ్లకే పొద్దున వేళ్లు బిగుసుకుపోతున్నాయి, కీళ్లవాతమేనా?

ప్రశ్న: మా చెల్లికి 26. రెండు నెలలుగా రెండు చేతుల వేళ్ల కణుపులు వాస్తున్నాయి. లేచాక గంటకు పైగా పిడికిలి బిగియదు. కీళ్లవాతానికి చేసే ఆర్ఏ ఫ్యాక్టర్ రక్తపరీక్ష నెగెటివ్ వచ్చింది. ఇక భయం లేనట్టేనా?

జవాబు: అలా అనుకోవద్దండి. ఆ పరీక్ష నెగెటివ్ వచ్చినా కీళ్లవాతం ఉండొచ్చు. రెండు చేతులకూ వాపు, 6 వారాలు దాటడం, పొద్దున బిగుసుకుపోవడం... ఈ మూడూ కలిస్తే రుమటాలజిస్టుకు (కీళ్లవాతం డాక్టరుకు) చూపించాల్సిందే. కీళ్లవాతాన్ని పట్టే యాంటీ సీసీపీ, ఒంట్లో వాపును చూపే ఈఎస్ఆర్, సీఆర్‌పీ రక్తపరీక్షలు చేయిస్తారు. వాపు ఉన్నప్పుడే చేతుల ఫొటో తీసి ఉంచండి, డాక్టరుకు పనికొస్తుంది.

జవాబు: ఈ మధ్య జ్వరం వచ్చిందా? చికున్‌గున్యా తర్వాత కూడా నెలల తరబడి అచ్చం ఇలాగే ఉంటుంది, అది తప్పక చెప్పండి. దయచేసి ఊళ్లో స్టెరాయిడ్ సూది మాత్రం వేయించొద్దు. రెండు రోజుల్లో వాపు తీస్తుంది, సీఆర్‌పీ కూడా తగ్గుతుంది, అసలు జబ్బు దొరక్కుండా పోతుంది. లోపల కీలు అరుగుతూనే ఉంటుంది.

జవాబు: ఒకవేళ కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ అనే మందు రాస్తే, అది వారానికి ఒక్కరోజే. వారంలో ఏ రోజో చీటీ మీద రాయించుకోండి. పొరపాటున రోజూ వేసుకుంటే రక్తకణాలు పడిపోయి ప్రాణం మీదికొస్తుంది. దాంతోపాటు ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్ మాత్ర సాధారణంగా వేరే రోజు ఇస్తారు. మెథోట్రెక్సేట్ గుణం కనిపించడానికి 6 నుంచి 12 వారాలు పడుతుంది, మధ్యలో మానేయొద్దు. రక్త, లివర్ పరీక్షలు తప్పవు. పిల్లల కోసం చూస్తుంటే మాత్రం ముందే చెప్పాలి, గర్భంతో ఉన్నప్పుడు ఈ మందు వాడకూడదు.