టెండరు వేసే ముందు ఖర్చు అంచనా ఎక్కడ తప్పుతుంది? మీ అనుభవాలు చెప్పండి

పునాదిరాయి:
అందరికీ నమస్కారం. ఎనిమిదేళ్లు ఇతరుల దగ్గర సైట్లు చూసుకుని, రెండేళ్ల క్రితం సొంతంగా కాంట్రాక్టులు మొదలుపెట్టాను. ఒక మూడంతస్తుల భవనం పని నాకు దక్కింది. టెండర్లు తెరిచిన రోజున నా ధర రెండో స్థానంలో ఉన్నవారికన్నా 14 శాతం తక్కువని తెలిసింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పని పూర్తి చేశాను, నాణ్యత తగ్గించలేదు, కానీ చేతి డబ్బు పెట్టుకోవాల్సి వచ్చింది. సిమెంటు, ఇనుము ధరలు సరిగ్గానే వేశాను. కొలతలు రెండుసార్లు సరిచూశాను. మరి ఎక్కడ పోయినట్టు? వచ్చే నెల ఇంకో టెండరు వేయాలి. మీరు ఎక్కడ దెబ్బతిన్నారో, ఇప్పుడు లెక్క ఎలా కడుతున్నారో చెప్పండి.

కొలతపుస్తకం:
సెంట్రింగ్ (కాంక్రీటు పోయడానికి కట్టే అచ్చు) ఖర్చు ఎలా వేశారు? కాంక్రీటు రేటులోనే కలిపేశారా?

పునాదిరాయి:
అవునండి. ఘనపు మీటరుకు ఇంత అని వేశాను. స్లాబుకూ కాలమ్‌కూ ఒకటే.

కొలతపుస్తకం:
అయితే చాలా డబ్బు అక్కడే పోయి ఉంటుంది. 150 మిల్లీమీటర్ల మందం స్లాబు తీసుకోండి. ఒక ఘనపు మీటరు కాంక్రీటు 6.67 చదరపు మీటర్లకు వస్తుంది, కింద అంత సెంట్రింగ్ చాలు. అదే కాంక్రీటు 300×300 మిల్లీమీటర్ల కాలమ్‌లో పోస్తే 11.1 మీటర్ల ఎత్తు వస్తుంది. చుట్టుకొలత 1.2 మీటర్లు. అంటే 13.3 చదరపు మీటర్లు, సరిగ్గా రెట్టింపు! సన్‌షేడ్ల వంటి పలుచని పనులు కూడా ఇంతే. అందుకే నేను సెంట్రింగ్‌ను ఎప్పుడూ చదరపు మీటర్లలో విడిగా కొలుస్తాను. ప్లైవుడ్ ఎన్నిసార్లు తిరిగి వాడతామో పక్కనే రాస్తాను. ఎనిమిదిసార్లు వస్తుందనుకున్న ప్లైవుడ్, ఒక్కో అంతస్తులో ఒక్కో కొలత ఉంటే నాలుగుసార్లకే ముక్కలైపోతుంది. డ్రాయింగులు పక్కపక్కన పెట్టి చూస్తే ఆ సంగతి ముందే తెలిసిపోతుంది.

మట్టిపని:
నేను తవ్వకాలు చేయిస్తాను, ఆ ఒక్కటీ చెబుతాను. పునాది 1.5 మీటర్ల చదరం అని డ్రాయింగులో ఉంటుంది. మనిషి దిగి పని చేయడానికి నాలుగు వైపులా 300 మిల్లీమీటర్లు వదలాలి. అప్పుడు గుంత 2.1 మీటర్ల చదరం అవుతుంది. 2.25 చదరపు మీటర్ల చోట 4.41. దాదాపు రెట్టింపు తవ్వకం, ఆపైన ఆ ఖాళీని తిరిగి పూడ్చి దిమ్మిస వేయాలి. యజమాని బిల్లుకు కొలిచేది చాలాసార్లు పునాది సైజునే, కాబట్టి టెండరు పత్రాల్లో కొలతల పద్ధతి చదవకుండా రేటు వేయకండి. ఇక తవ్విన మట్టి పొంగుతుంది. మామూలు నేలలో పాతిక శాతం వరకు, రాయి అయితే సగానికి పైనే. గుంతలో 100 ఘనపు మీటర్లు ఉన్నది లారీల్లో 125 అవుతుంది.

నన్ను బాగా ముంచింది నీరు. ఎండలు మండే రోజుల్లో సైటు చూశాను, నేల పొడిగా ఉంది. పని మొదలయ్యేసరికి వానలు వచ్చాయి. రెండు మీటర్ల లోతులోనే ఊట. పంపులు పందొమ్మిది రోజులు పగలూ రాత్రీ నడిచాయి. నా అంచనాలో నీరు తోడే ఖర్చు ఒక్క పైసా లేదు.

ఇనుపకడ్డీ:
స్టీలు గురించి చిన్న మాట. మిల్లీమీటర్లలో కడ్డీ వ్యాసం వర్గాన్ని 162తో భాగిస్తే మీటరు బరువు కిలోల్లో వస్తుందని అందరికీ తెలుసు. కత్తిరింపు మాత్రం మర్చిపోతారు. 12 మీటర్ల కడ్డీలో 5.2 మీటర్ల ముక్కలు రెండే వస్తాయి, 1.6 మీటర్లు మిగులుతుంది. అది 13 శాతం. ఆ తునకలు ఇంకెక్కడ వాడతారో ముందే చూసుకోకపోతే, మూడు శాతం వృథా అని వేసిన లెక్క నిలవదు.

అనుభవం30:
ఇంత తల బద్దలు కొట్టుకోవడం ఎందుకు? మొత్తం మీద పది శాతం కలిపి వేస్తే సరిపోతుంది. నేను ముప్పై ఏళ్లుగా అలాగే చేస్తున్నాను.

సైటుడైరీ:
పెద్దవారు, మీ మాట కాదనడానికి నాకు సంకోచంగానే ఉంది. కానీ ముప్పై ఏళ్ల పనులు మీ మనసులో ఉన్నాయి కాబట్టి ఆ పది శాతం మీకు పనిచేస్తోంది. కొత్తవారికి అది గుడ్డి లెక్క అవుతుంది. దేనికి కలిపామో తెలియకపోతే, పోటీ ఎక్కువనిపించగానే మొదట తీసేసేది ఆ పది శాతాన్నే. ఊట నీటికి ఇంత, ధరలు పెరిగితే ఇంత అని పేరు పెట్టి రాస్తే, తీసేటప్పుడు చెయ్యి ఆగుతుంది.

నేను అంచనాల విభాగంలో పనిచేస్తాను. నా దృష్టిలో వస్తువుల ధర కనుక్కోవడం అన్నిటికన్నా తేలిక, ఫోను చేస్తే తెలుస్తుంది. మనిషి రోజుకు ఎంత పని చేస్తాడన్నదే అసలు కష్టం. పుస్తకాల్లోని అంకెలు ఎవరి సైటువో మనకు తెలియదు. ఆరేళ్లుగా ప్రతి సాయంత్రం నాలుగు విషయాలు రాయిస్తున్నాను: ఎవరు, ఏ పని, ఎంత చేశారు, ఎందుకు ఆగింది. ఒక భవనంలో అదే మేస్త్రీ, అదే సహాయకులు, మూడో అంతస్తులో గోడ కట్టుబడి కింది అంతస్తుకన్నా ఐదో వంతు తక్కువ. కారణం చివరి గడిలో ఉంది: ‘లిఫ్టు ప్లాస్టరింగ్ వాళ్ల దగ్గర ఉంది’. ఆ ఒక్క మాట తర్వాతి మూడు టెండర్లలో మమ్మల్ని కాపాడింది.

ఇంకొకటి. ఇంజినీరు జీతం, కాపలా, పరంజా అద్దె నెలల లెక్కన పెరుగుతాయి. కాబట్టి ముందు పని కార్యక్రమం, తర్వాత అంచనా. లాభం విషయంలోనూ జాగ్రత్త: ఖర్చు మీద 20 శాతం కలిపితే బిల్లులో మీకు మిగిలేది 16.67 శాతమే.

అనుభవం30:
నిజమే అమ్మా. పేరు పెట్టి రాయడం మంచి పద్ధతి. నేనూ మొదలుపెడతాను.

లెక్కలగది:
ఆ 14 శాతం తేడా గురించి. అందరి అంచనాల్లోనూ కొంత పొరపాటు ఉంటుంది. తక్కువ ధరకే పని ఇస్తారు కాబట్టి, ఖర్చులు ఎక్కువగా వదిలేసినవారికే గెలిచే అవకాశం ఎక్కువ. చమురు క్షేత్రాల వేలం విషయంలో ఇదే సంగతిని 1971లో ముగ్గురు ఇంజినీర్లు రాశారు. అక్కడ గెలిచేది ఎక్కువ ధర పెట్టినవారు, అంతే తేడా. కాబట్టి టెండరు వేసే ముందు, చదరపు మీటరుకు ఎంత పడుతుందో మీ పాత పనులతో పోల్చి చూడండి. బాగా తక్కువ వస్తే ఏదో అంశం జారిపోయి ఉంటుంది. మాకు ఒకసారి అలా జారింది కరెంటు వైర్ల కోసం గోడలకు గాళ్లు కొట్టి పూడ్చే పని. కరెంటువాళ్లు మాది కాదన్నారు, ప్లాస్టరింగ్‌వాళ్లు మాదీ కాదన్నారు.

పునాదిరాయి:
రెండు రాత్రులు కూర్చుని పాత లెక్క తిరగతోడాను. నష్టంలో దాదాపు సగం సెంట్రింగ్‌లోనే. మిగతాదాంట్లో ఎక్కువ భాగం, తొమ్మిది నెలలనుకున్న పని పదమూడు నెలలు పట్టడం వల్ల. అందరికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. ఎల్లుండి కొత్త సైటు చూడబోతున్నాను. మట్టిపని గారూ, నీటి సంగతి ఎలా తెలుసుకోవాలి?

మట్టిపని:
అనుమతి తీసుకుని, పునాది లోతుకన్నా కొంచెం కిందికి ఒక పరీక్ష గుంత తవ్వించండి. చుట్టూ కంచె వేసి రాత్రికి వదిలేయండి. తెల్లారాక టేపుతో వెళ్లి నీరు ఎంత పైకి వచ్చిందో కొలవండి. పక్క స్థలంలో ఇల్లు కట్టినవారు ఉంటే వానాకాలంలో ఎలా ఉంటుందో అడగండి. పని ఏ నెలలో మొదలవుతుందో పత్రాల్లో చూసి, ఆ నెలకు లెక్క కట్టండి.