నిఫ్టీ పడేదాకా ఆగాలా, ఈలోపు కంకిపాడులో స్థలం కొనేయాలా?

పటమట నుంచి:
నాన్నగారు రిటైరయ్యాక వచ్చిన దాంట్లో 40 లక్షలు పక్కన పెట్టాం. షేర్ మార్కెట్ పైనుంది, పడ్డాక ఇండెక్స్ ఫండ్‌లో (50 పెద్ద కంపెనీల షేర్ల సూచీ నిఫ్టీ, దాని వెంటే నడిచే ఫండ్) వేద్దాం అని నేను. అమరావతి రాజధాని పనులు మొదలయ్యాయి, మళ్లీ ఈ రేటుకు దొరకదు, విజయవాడ పక్కన కంకిపాడు వైపు స్థలం కొనేద్దాం అని బావగారు. ఏది మేలంటారు?

బ్రాడీపేట నుంచి:
మీరు పడుతుందని ఆగుతున్నారు, బావగారు పెరుగుతుందని తొందరపడుతున్నారు, ఆ రోజు ఎప్పుడో ఇద్దరికీ తెలియదు కదండీ. 2020 జనవరిలో 12,300 దాటిన నిఫ్టీ మార్చి 23న 7,610కి దిగింది. ఆగినవాళ్లకు అంతకన్నా మంచి రేటు ఏముంటుంది? కానీ అప్పుడు లాక్‌డౌన్ భయం, జీతాలు వస్తాయో రావో అన్న టెన్షన్, ఇంకా పడుతుందేమో చూద్దాం అన్నవాళ్లే నాకు తగిలారు. నవంబరుకల్లా 13,000.

పోనీ స్థలం? అమరావతికి 2015 అక్టోబరులో శంకుస్థాపన అయింది, 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట వచ్చింది, అంతే, రాజధాని ప్రాంతంలోని తుళ్లూరు వైపు కొన్నవాళ్లు ఏళ్ల తరబడి అమ్ముకోలేక కూర్చున్నారు. 2024 జూన్ 4న ఓట్లు లెక్కపెట్టాక గానీ మళ్లీ కదలిక లేదు. అదే రోజు నిఫ్టీ 5 శాతం పైగా పడి, 7వ తేదీకి కోలుకుంది.

ఖర్చు కూడా చూడండి. డాక్యుమెంట్ 40 లక్షలకు రాయిస్తే స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ కలిపి 7.5 శాతం, అంటే 3 లక్షలు. ఫండ్ కొంటే స్టాంపు డ్యూటీ 200 రూపాయలు.

గొల్లపూడి నుంచి:
స్థలం రేటు రోజూ కనపడదు కాబట్టే జనం పదేళ్లు ఉంచుకుంటారు. ఫండ్ పడిందంటే రాత్రికి రాత్రే ఫోన్‌లో నొక్కి అమ్మేస్తారు. పైగా స్థలానికి బ్యాంకు లోన్ ఇస్తుంది, నిఫ్టీకి ఎవరిస్తారు?

బ్రాడీపేట నుంచి:
మొదటి మాట నిజం, ఓపిక విషయంలో స్థలానిదే పైచేయి. లోన్ సంగతి వేరు, ఉద్యోగం చేసేవాళ్లకు పనికొస్తుంది, పెన్షన్ మీద బతికే పెద్దాయన్ని ఈఎంఐలో దించకండి. రేపు ఆయనకు ఆపరేషన్ అంటే స్థలంలోంచి పది గజాలు కోసి అమ్మలేరు, మొత్తం అమ్మాలి, అదీ కొనేవాడు చెప్పిన రేటుకి. ఫండ్‌లోంచైతే కావలసినంతే తీస్తారు.

నన్నడిగితే ముందు ఆయన పేరున పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ స్కీములో పెట్టండి, 30 లక్షల దాకా తీసుకుంటారు. మిగతాది లిక్విడ్ ఫండ్‌లో (పెద్దగా ఒడిదుడుకులు లేకుండా, కావలసినప్పుడు తీసుకోగలిగే ఫండ్) ఉంచి నెలనెలా కొంత ఇండెక్స్‌లోకి మార్చండి, నిఫ్టీ ఎక్కడున్నా సరే. ఇల్లు కట్టుకుని ఉండటానికైతే స్థలం కొనండి, కాదనను. అడ్వాన్సు ఇచ్చే ముందు ఈసీ (ఆ స్థలం మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తాకట్ల వివరాల పత్రం), లింకు డాక్యుమెంట్లు (పాత యజమానుల దస్తావేజులు) లాయరుకు చూపించి, సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా) లేదని తేల్చుకోండి.