ప్రతి మూడు స్పందనల తర్వాత ఖాళీ: ఈ ఈసీజీని ఎలా చదవాలి?

పర్లాకిమిడి నుంచి ప్రశ్న:
పెద్దలకు నమస్కారం. రక్తపోటుకు మెటోప్రొలాల్ వాడుతున్న అరవై ఏళ్ల రైతు ఈసీజీలో పీఆర్ వ్యవధి (గుండె పై గదుల సంకేతమైన పి తరంగం మొదలు నుంచి కింది గదుల సంకేతమైన క్యూఆర్‌ఎస్ మొదలు వరకు పట్టే సమయం) వరుసగా 0.20, 0.28, 0.32 సెకన్లకు పెరిగి, నాలుగో పి తరంగం తర్వాత క్యూఆర్‌ఎస్ కనిపించడం లేదు. ఆయనకు కళ్లు తిరగడం, ఛాతీ నొప్పి లేవు. వెంటనే బరంపురం పంపాలా?

రాయగడ నుంచి:
డాక్టరు గారూ, ఇది వెంకెబాక్ క్రమంలా, అంటే పీఆర్ క్రమంగా పెరిగి ఒక స్పందన తప్పిపోయే రకంలా ఉంది. 1899లో డచ్ వైద్యుడు వెంకెబాక్ దీన్ని ఈసీజీ లేకుండా, నాడి గీతల నుంచే గుర్తించారన్నది నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. అయినా ముందు పి-పి దూరాలు కొలవండి. ఆ నాలుగో పి తరంగం తన సమయానికే వస్తే అది పై గదుల నుంచి కింది గదులకు సంకేతం వెళ్లే దారిలో అడ్డంకి. ముందుగా వచ్చి, ముందు స్పందన చివర వచ్చే టి తరంగాన్ని కాస్త వికృతం చేస్తూ అందులో దాగి ఉంటే, అది కర్ణికలో (పై గదిలో) పుట్టి కిందికి చేరని అకాల స్పందన.

గుణుపురం నుంచి:
పీఆర్ మారకుండా ఉండి స్పందన హఠాత్తుగా తప్పిపోయే మోబిట్జ్ రెండో రకమే అసలు ప్రమాదకరం, దానికి పేస్‌మేకర్ అవసరమవుతుంది. ఇక్కడ మాత్రం ఆ సంకేతాన్ని నెమ్మదింపజేసే మెటోప్రొలాల్‌నే మొదట అనుమానించాలి. దాన్ని ఒక్కసారిగా ఆపకుండా, హృద్రోగ నిపుణులతో మాట్లాడి మోతాదు తగ్గించండి.

పర్లాకిమిడి నుంచి:
కొలిచాను. పి-పి దూరం అంతటా 20 చిన్న గడులే, అంటే 0.80 సెకన్లు; కాబట్టి ఇది అడ్డంకే. గుండె కింది భాగాన్ని చూపే 2, 3, ఏవీఎఫ్ లీడ్లలో ఎస్‌టీ గీత కూడా సమంగానే ఉంది, అంటే అక్కడ గుండెపోటు సూచన కనిపించలేదు. మోతాదు గురించి ఈ సాయంత్రమే నిపుణులకు ఫోన్ చేస్తాను.