1927 నాటి ‘ది కింగ్ ఆఫ్ కింగ్స్’: ఏ ప్రతిని ప్రదర్శించాలి?

సెసిల్ బి. డెమిల్ 1927లో తీసిన ‘ది కింగ్ ఆఫ్ కింగ్స్’ మూకీ చిత్రాన్ని ఈస్టరుకు ముందు వారంలో మా సంఘంలోని పెద్దలకు చూపించాలనుకుంటున్నాను. తొలి ప్రదర్శనల నాటి 155 నిమిషాల ప్రతి, సంగీతం జోడించి 1928లో విడుదల చేసిన 112 నిమిషాల ప్రతి, రెండూ దొరుకుతున్నాయి. చూపులేని బాలిక కళ్లు తెరుచుకుంటుండగా ఆమె చూపులోనుంచే యేసు ముఖం మనకు మొదటిసారి కనిపించే ఘట్టమూ, రంగుల్లో తీసిన పునరుత్థానమూ కుదించిన ప్రతిలో ఎంతవరకు నిలిచాయో, రెండూ చూసినవారు దయచేసి తెలియజేయగలరా? మరొక సందేహం. తెర మీది ఆంగ్ల వాక్యాల్లో చాలా వాటిని అధ్యాయ, వచన సంఖ్యలతో సహా సువార్తల నుంచే తీసుకున్నారు కనుక, వాటిని తెలుగు బైబిలు నుంచి ఒకరు పైకి చదివితే (యేసుగా నటించిన హెచ్.బి. వార్నర్ మౌనాభినయానికి అది అడ్డు కాదనే నా నమ్మకం) సరిపోతుందా, లేక అంత వ్యవధి ఉండదా?