దెయ్యం కుంటుతూనే ఎందుకు రావాలి?

క్యాలిపర్ కథలు: నాకు ఎడమ కాలికి పోలియో. పీహెచ్‌డీ కోసం హారర్ నవల రాస్తున్నాను. నవలే పరిశోధన, దాని వెంట ఒక విమర్శ వ్యాసం పెట్టాలి. మన దెయ్యం కథల నిండా వెనక్కి తిరిగిన పాదాలు, గూని ముసలమ్మలు, ఒంటికన్ను మంత్రగాళ్లే. అర్ధరాత్రి వరండాలో కాలీడ్చే చప్పుడు సరేసరి. మంచినీళ్లకని నేను లేచినా అదే చప్పుడు, మా ఇంట్లో ఎవరూ జడుసుకోరు!

నా కథ చెప్పేది హాస్టల్లో ఉండే అమ్మాయి, కాలికి క్యాలిపర్ (నడవడానికి కట్టుకునే ఊత) ఉంటుంది. తన అడుగు వినబడితే ఆమెకు ధైర్యం. చప్పుడు లేకుండా నడిచేవాడంటేనే వణుకు. మా గైడ్ మాత్రం "ఆ కాలు దేనికి ప్రతీక?" అంటున్నారు. దేనికీ కాదండీ, అది కాలు. కానీ సగం నవలయ్యేసరికి భయం చల్లారిపోతోంది. ఏం చేయను?

పాత పుస్తకాల పిచ్చి: 1818లో వచ్చిన ఫ్రాంకెన్‌స్టైన్ నవల మళ్లీ చూడండి. అందులో శాస్త్రవేత్త తయారుచేసిన వికృత జీవిని కూర్చోబెట్టి మర్యాదగా మాట్లాడింది చూపులేని ముసలాయన డి లేసీ ఒక్కడే. కొడుకు ఫీలిక్స్ లోపలికొచ్చి చూశాడు, కర్రతో బాదాడు. భయమంతా చూసేవాడి దగ్గరే ఉంది. మీ అమ్మాయిని చూసేవాళ్ల గురించి రాయండి.

నైట్ డ్యూటీ: నేను నర్సుని. దెయ్యం ఎందుకండీ, వైకల్యం ఎంత శాతమో రాసిచ్చే సదరం సర్టిఫికెట్ చాలదా? 2016 వికలాంగుల హక్కుల చట్టంలో రిజర్వేషన్ లాంటివాటికి కనీసం 40 శాతం వైకల్యం ఉండాలి. రోజూ పొద్దున్నే ఆమె కాగితం మీద అంకె ఒకటి తగ్గుతుందనుకోండి. కాలు మాత్రం నిన్నటిలాగే ఉంటుంది. ఎవరికి చూపించినా "మొదటి నుంచీ ఇంతేగా" అంటారు.

క్యాలిపర్ కథలు: అమ్మో, నైట్ డ్యూటీ గారూ, చదువుతుంటేనే టెన్షన్ వచ్చింది! ఇందులో కాలును ప్రతీక చేసే పనే లేదు. పాత పుస్తకాల గారూ, చూసేవాళ్ల మాట నిజమే. కానీ చూపులేనాయన్ని మంచితనానికి బొమ్మగా నిలబెట్టడం కూడా నాకు గుచ్చుకుంటుంది. ఆయనకూ ఓ చిరాకు, ఓ స్వార్థం ఉండొద్దూ? సరే, అంకె ఎంత నుంచి మొదలుపెట్టను? 75?

నైట్ డ్యూటీ: అంత పైనుంచి దిగితే పాఠకుడు నిద్రపోతాడు. 43 పెట్టండి. నాలుగో పొద్దుకే 39.