రష్యాది వేరే నాగరికతా, యూరప్‌లో భాగమా?

పాత పుస్తకాల పాఠకుడు:
2023 మార్చిలో వెలువడిన రష్యా విదేశాంగ విధాన పత్రం ఆ దేశాన్ని విశిష్టమైన నాగరికతా రాజ్యంగా పేర్కొంది. ఇది నిన్నమొన్నటి మాట కాదు. లోకమంతటికీ ఒకే నాగరికత ఉండదని, దేని దారి దానిదేనని రష్యన్ రచయిత నికొలాయ్ దనిలేవ్‌స్కీ 1869లోనే 'రష్యా, యూరప్' అనే గ్రంథంలో వాదించారు. అందరినీ యూరప్ కొలబద్దతో కొలవడాన్ని ఆయన ఒప్పుకోలేదు. వలస పాలన చవిచూసిన మనకు అది సబబుగా తోచదా? నా మట్టుకు రష్యాది వేరే నాగరికతే.

చరిత్ర ఉపాధ్యాయురాలు:
తోచినంత మాత్రాన సరిపోదండీ. దనిలేవ్‌స్కీ ప్రకృతి శాస్త్రవేత్త. వోల్గా, కాస్పియన్ ప్రాంతాల్లో చేపల వేటను ఏళ్ల తరబడి పరిశీలించినవారు. జీవజాతుల్లాగే నాగరికతలకూ గిరులు గీశారు. ఒకదాని మూలసూత్రాలు మరొకదానికి అందవన్నారు. మరి మన దేశంలో పుట్టిన బౌద్ధం చైనా, జపాన్‌లలో ఎలా వేళ్లూనుకుంది? 1888లో రష్యన్ తత్వవేత్త వ్లదీమిర్ సొలొవ్యోవ్ ఆయన సిద్ధాంతాన్ని సరిగ్గా ఇక్కడే నిలదీశారు. ఇంకొకటి: రష్యా నాయకత్వంలో, కాన్‌స్టాంటినోపుల్ (నేటి ఇస్తాంబుల్) రాజధానిగా స్లావు జాతుల సమాఖ్య ఏర్పడాలని కూడా ఆ గ్రంథంలోనే ఉంది. వలస పాలన చూసినవాళ్లం దాన్ని ఎలా వదిలేస్తాం?

పాత పుస్తకాల పాఠకుడు:
సమాఖ్య సంగతి నేనే చెప్పవలసింది, ఒప్పుకుంటున్నాను. కానీ ఆ వాదం ఊరికే పుట్టలేదు. రష్యా ప్రపంచానికి ఇచ్చిందేమీ లేదని రష్యన్ ఆలోచనాపరుడు ప్యోత్ర్ చాదాయెవ్ రాసిన ఉత్తరం 1836లో 'టెలిస్కోప్' పత్రికలో అచ్చయింది. అంత మాట పడ్డాక ఎవరు ఊరుకుంటారు?

చరిత్ర ఉపాధ్యాయురాలు:
ఆ తర్వాత జరిగింది కూడా చెప్పాలి. నికొలాయ్ చక్రవర్తి చాదాయెవ్‌కు మతి చలించిందని ప్రకటించాడు. ఇల్లు కదలనివ్వకుండా, డాక్టరును పంపి చూపించారు. పత్రిక మూతపడింది, సంపాదకుణ్ణి దూరప్రాంతానికి పంపేశారు. అంతకుముందు 1832లో, తర్వాతి కాలంలో స్లావోఫిల్‌గా, అంటే రష్యా దారి యూరప్ దారి కాదనే వాదిగా పేరుపడ్డ ఇవాన్ కిరెయెవ్‌స్కీ పత్రికను కూడా రెండు సంచికలకే ఆపేశారు. రష్యా ఎవరిదో తేల్చే హక్కును రాజ్యం తన దగ్గరే ఉంచుకుంది. ప్రభుత్వ పత్రంలో 'నాగరికత' అన్న మాట కనబడితే నాకు భయం వేసేది అందుకే.

భాషాశాస్త్ర విద్యార్థి:
రష్యన్ భాషాశాస్త్రవేత్త నికొలాయ్ త్రుబెత్స్‌కోయ్ పేరు ఇంకా ఎవరూ ఎత్తలేదు. 1921లో సోఫియా నగరంలో మొదలైన యురేసియా వాదానికి ఆయన ఒక మూలస్తంభం. రష్యా అటు యూరప్ కాదు, ఇటు ఆసియా కాదన్నారు. పుట్టుక వేరైనా పక్కపక్కనే బతికిన భాషలు ఒకదాని పోకడలు మరొకటి అందుకుంటాయని 1928లో హేగ్‌లో జరిగిన భాషాశాస్త్రవేత్తల మహాసభలో ప్రతిపాదించింది కూడా ఆయనే. ఆ ఆలోచననే 1956లో భాషాశాస్త్రవేత్త ఎమెనో భారతదేశానికి అన్వయించారు. తెలుగు ద్రావిడ భాష, మరాఠీ ఆర్య భాష. అయినా ట, డ, ణలు రెండింటిలోనూ పలుకుతాయి. పొరుగుదనం చేసే పని అది. భాషల్లో ఇంత చక్కగా చూసిన మనిషి, యూరప్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం గోడ కట్టడం నాకు బాధ కలిగిస్తుంది.

పాత పుస్తకాల పాఠకుడు:
'ణ' ఉదాహరణ నన్ను ఆపింది. 'వేరే' అన్న మాటను వెనక్కి తీసుకోను. ఒకదానివి మరొకదానికి అందవన్న వాదాన్ని మాత్రం ఇక సమర్థించలేను.