ఆర్.ఎస్.వీ.పీ.ని తెలుగులో ఎలా అడగాలి?

ప్రశ్న

తమ్ముడి పెళ్లికి శుభలేఖలు ఫోన్లలోనే పంపుతున్నాం. లింకు నొక్కితే కార్డు తెరుచుకుంటుంది, కింద వస్తున్నదీ లేనిదీ చెప్పడానికి చిన్న ఫారం ఉంటుంది. కార్డులో మాటలు కుదిరాయి, ఫారం దగ్గరే పీటముడి పడింది. ఇంగ్లీషులో ఆర్.ఎస్.వీ.పీ. అని నాలుగక్షరాలు పడేశాం, సరిపోయింది. తెలుగులో "దయచేసి ప్రత్యుత్తరమివ్వగలరు" అని రాస్తే మావాడు చూసి, "కోర్టు నోటీసులా ఉందక్కా" అన్నాడు. పోనీ "బదులివ్వండి" అందామంటే చేబదులు అడిగినట్టుంది. ఏమంటే బాగుంటుంది? ఇంకో చిన్న సందేహం: కాగితమే లేనిదాన్ని శుభలేఖ అనొచ్చా?

జవాబు 1

రెండోది ముందు చెబుతాను. నిక్షేపంగా అనొచ్చమ్మా. లేఖ అంటే కాగితం కాదు. 'లిఖ్' ధాతువుకు అసలు అర్థం గీయడం, గీరడం. తాటాకు మీద గంటంతో గీసినా లేఖే, తెర మీద వేలితో రాసినా లేఖే. 'ఈ-శుభలేఖ' అని ముందువైపు తోక తగిలించే పని లేదు.

ఇక ఆర్.ఎస్.వీ.పీ. ఇది ఫ్రెంచి వాక్యానికి పొడి అక్షరాలు: రెపోందే సిల్ వూ ప్లే, అంటే 'దయచేసి జవాబివ్వండి'. దయ అందులోనే ఉంది. 'ప్లీజ్ ఆర్.ఎస్.వీ.పీ.' అని వేయించేవాళ్లు రెండుసార్లు బతిమాలుతున్నారన్నమాట. మీ ప్రత్యుత్తరమూ ఆ బాపతే. సంస్కృతంలో ఉత్తరం అంటేనే జవాబు, ప్రత్యుత్తరం అంటే జవాబుకు జవాబు. తెలుగులో ఉత్తరం కాస్తా జాబుగా మారింది కాబట్టి ఇక్కడ చెల్లిపోతోంది.

జవాబు 2

'ప్లీజ్ ఆర్.ఎస్.వీ.పీ.'ని చూసి నవ్వే ముందు మన కార్డు మనం చూసుకోవాలి మాస్టారూ. "సకుటుంబ సపరివార సమేతంగా" అంటాం. 'స' అంటేనే 'కూడిన' అని. 'సమేత' అన్నా అదే. కుటుంబంతో కూడి, పరివారంతో కూడి, కూడి రండి! 'సకుటుంబంగా' అనాలి, లేదా 'కుటుంబ సమేతంగా' అనాలి. రెండూ కలిపితే 'నడిసెంటర్' పక్కన కూర్చోబెట్టాల్సిన మాటవుతుంది. అయినా దాన్ని కార్డు మీంచి తీసేయమని నేననను. చెవికి అలవాటైపోయింది, ఊపు కూడా బాగుంటుంది.

జవాబు 3

ఊపు సంగతేమో గానీ, ఆ మాటతో నాకు వేరే గొడవుంది. నా పెళ్లికి ఇలాంటి ఫారమే పెట్టాం. పైన సకుటుంబ సపరివారంగా రమ్మన్నాం, కింద "ఎంతమంది?" అని గడి పెట్టాం. తలుపులు బార్లా తీసి, గుమ్మంలో నిలబడి తలలు లెక్కపెట్టినట్టయింది. గడిలో అంకెలే పట్టాలన్న కట్టడి పెట్టడం మరిచాను. "అందరం" అని ఒకరు, "ఇంటిల్లిపాదీ" అని ఒకరు, "మేమే" అని ఇంకొకరు రాశారు. తప్పు వాళ్లది కాదు. పైన మేం రాసినదానికి సరైన జవాబు అదే కదా.

ఇంకో చిక్కు 'మీరు'. "మీరు వస్తున్నారా?" అంటే "అవును" అంటారు. ఆ మీరు గౌరవానికి అన్న ఒక్కరా, నిజంగానే నలుగురా? మన భాషలో మర్యాదా బహువచనమూ ఒకే చొక్కా వేసుకుంటాయి. 'ఎంతమంది' దగ్గరా అంతే. కొందరు తమని కలుపుకుని రాశారు, కొందరు తమని వదిలేసి వెంట వచ్చేవాళ్లనే లెక్కేశారు. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి సరిచూసుకున్నాం. ఫోన్లు తప్పుతాయనే కదా ఫారం పెట్టింది! అక్కా, "మీతో కలిపి ఎంతమంది?" అని రాయండి. ఆ 'మీతో కలిపి' మాత్రం వదలొద్దు. ఇద్దరినే పిలిచే చోట గడి కూడా వద్దు, ఆ ఇద్దరి పేర్లూ ముందే కనిపించేలా పెట్టి ఎదురుగా టిక్కు పెట్టమనండి.

అడిగినవారు

"మీతో కలిపి" తీసుకున్నాను తమ్ముడూ. బొత్తాల మీద ఏం రాయను? ఇప్పుడు "అంగీకరిస్తున్నాను", "తిరస్కరిస్తున్నాను" అని ఉన్నాయి. ఆ యాప్‌లో తెలుగు ఎంచుకుంటే అవే వచ్చాయి.

జవాబు 2

తిరస్కరించడమా! కార్డు మొహాన కొట్టినట్టుంది. "వస్తాం", "రాలేం" చాలండీ. పొరపాటున కూడా "రాము" అని పెట్టకండి. రాము అంటే రాదలుచుకోలేదని. రాలేం అంటే రావాలనే ఉంది, కుదరడం లేదని. మధ్యలో ఉన్న 'లే' ఒక్కటే ఆ మర్యాదంతా మోస్తోంది.

మూడో బొత్తాం పెట్టాలా అని అడుగుతారేమో. "ప్రయత్నిస్తాం" అని పెడితే అందరి వేలూ దాని మీదికే పోతుంది. ఆ మాట అన్నవాళ్లు రారని తెలుగువాళ్లందరికీ తెలుసు, అన్నవాళ్లతో సహా. "తప్పకుండా వస్తాం" వేరు, "వస్తాం లెండి" వేరు, "చూద్దాం" మరీ వేరు. ఎదురుగా ఉంటే గొంతులో పట్టేస్తాం, ఫారంలో గొంతు ఉండదు. పెట్టక తప్పదనుకుంటే "తర్వాత చెబుతాం" అని పెట్టండి. చెప్పాల్సిన బాధ్యత వాళ్ల మీదే ఉంటుంది, మళ్లీ అడగడానికి మీకూ మొహమాటం ఉండదు.

జవాబు 1

నాకింకో ఆలోచన వచ్చింది. "మా ఆహ్వానాన్ని మన్నించి" అని కార్డులో రాస్తాం. అక్కడ మన్నించడం అంటే గౌరవించడం. రాలేనివాళ్లు "మన్నించండి" అంటారు. అక్కడ క్షమించడం. పిలిచేవాళ్లకూ రాలేనివాళ్లకూ ఒకే క్రియ అక్కరకొస్తోంది. "మన్నించి వస్తాం", "మన్నించండి, రాలేం" అని రెండు బొత్తాలు పెడితే ఎంత అందం!

ప్రశ్న కూడా "దయచేస్తున్నారా?" అంటే సరి. దయచేయడం అంటే రావడమే కదా. ఫ్రెంచివాళ్లు పొడి అక్షరాల్లో దాచుకున్న దయ, మనం అడగాల్సిన రాక, రెండూ ఒక్క మాటలో వస్తాయి.

జవాబు 3

మాట బాగుంది మాస్టారూ, బొత్తాలకే నప్పదు. చేతిలో ఫోను, ఎదురుగా రెండు బొత్తాలు, రెండూ 'మన్నించ'తోనే మొదలు. తొందరలో సగం మంది తప్పుది నొక్కుతారు. ఎదురెదురు బొత్తాలకు మొదటి అక్షరమే వేరుగా ఉండాలి. 'వ', 'రా' చూడగానే తేడా తెలుస్తుంది. దయచేయడమూ అంతే. "లోపలికి దయచేయండి" అన్నది ఈ క్రియతోనే, "ఇక దయచేయండి" అని బయటికి పంపేదీ ఈ క్రియతోనే.

జవాబు 1

సరేనయ్యా, ఓడిపోయాను. "మన్నించి"ని కార్డులోనే ఉండనీ.

జవాబు 4

నేను ప్రూఫులు చూసేవాణ్ణి, నావి కాసిని ముతక మాటలు. కార్డును బొమ్మగా పంపినా తేదీ, వేళ, చోటు మళ్లీ మామూలు అక్షరాల్లోనూ పంపండి. చూపు లేనివాళ్ల ఫోను అక్షరాలను చదివి వినిపిస్తుంది, బొమ్మలోవి చాలాసార్లు దాని కంటపడవు. పాత డీటీపీ ఫాంటులో కొట్టిన పాఠాన్ని తెచ్చి అతికిస్తే పిచ్చిగీతలు వస్తాయి, యూనికోడులో మళ్లీ కొట్టాల్సిందే.

లింకును ఎస్సెమ్మెస్‌లోనూ పంపుతారా? ఇంగ్లీషుకు 160 అక్షరాలు పట్టే చోట తెలుగుకు 70 పడతాయి. అందులోనూ గుడి, కొమ్ము, పొల్లు అన్నీ విడివిడిగా లెక్క. 'స్త్రీ' మనకు ఒక్క అక్షరం, దానికి ఆరు. "సకుటుంబ సపరివార సమేతంగా" అనేసరికి 23 అయిపోతాయి. పైన మీరు పట్టుకున్న 'కూడి, కూడి'కి ఇదీ ఖరీదు.

చివరగా గడువు. "15వ తేదీ లోగా" అంటే 15 కలుస్తుందా, కలవదా? ఇద్దరిని అడిగితే రెండు జవాబులొస్తాయి. "15వ తేదీ రాత్రి వరకు" అని రాయండి.

అడిగినవారు

అందరికీ వందనాలు. ఆర్.ఎస్.వీ.పీ.కి సరిసమానమైన నామవాచకం కోసం రెండు రోజులు నిఘంటువు తిరగేశాను. తీరా చూస్తే కావలసింది ఒక ప్రశ్న. ఇలా పెట్టాను:

పెళ్లికి వస్తున్నారా?
వస్తాం / రాలేం
మీతో కలిపి ఎంతమంది?
15వ తేదీ రాత్రి వరకు చెప్పవచ్చు.

జవాబు పంపగానే "చాలా సంతోషం!" అని తెర మీద పడుతుంది.

జవాబు 1

ఎవరు పంపినా అదేనా? రాలేం అన్నవాళ్లకు కూడా?

అడిగినవారు

అయ్యో, అవును మాస్టారూ! ఇప్పుడే మార్చాను. వాళ్లకు "మీరూ ఉంటే బాగుండేది" అని వస్తుంది.

జవాబు 2

కొంచెం నిష్ఠూరంగా లేదూ?